శిఖరదర్శన న్యాయము

శ్రీశైల శిఖరమును దూరమునుండి దర్శించినంతనే పునర్జన్మ లేదని పెద్దలు చెప్పిరి గాని, నడిసముద్రమున తోచిన ద్వీపమును ఓడ కమ్మీలకు ఆనుకొని చూచినంతనే ఆ సీమను పర్యటించిన ఫలము దక్కునని ఏ పురాణమును చెప్పలేదు. అయినను, సముద్రపు గాలి సోకని మా మల్కాజ్‌గిరిలో సైతము ఈ నూతనపురాణమునకు శ్రోతలకంటె పౌరాణికులే ఎక్కువగా బయలుదేరినారు. విహారనౌక నెక్కి వచ్చిన పెద్దమనిషి ఒకరు, గోడమీది ప్రపంచపటమున పిట్కెయిర్న్ ద్వీపముపై గుండుసూది గ్రుచ్చి, అచ్చటి జనులు సరళహృదయులనియు, కాలగమనమెరుగనివారనియు, ప్రకృతిమాత యొడిలో పసిపాపలనియు గంటసేపు ఉపన్యసించిరి. ఆయన పాదము ఆ నేలను సోకలేదు.

1790లో బౌంటీ ఓడ తిరుగుబాటుదారులు తాహితీ స్త్రీపురుషులతో వచ్చి తలదాచుకొన్న ఆ పసిఫిక్ ద్వీపమున నేటి జనసంఖ్య సుమారు 50. పెద్ద ఓడలు చేరదగిన రేవు లేనందున, పెక్కు విహారనౌకలు దూరముననే నిలువగా, ద్వీపవాసులే పడవలలో అలలకెదురీది వచ్చి, ఓడమీదనే తమ చెక్కడపుబొమ్మలను, తేనెను అమ్ముకొని మరలిపోదురు. అనగా, శ్రమకోర్చి సముద్రము దాటి పరులను సందర్శించినవారు ద్వీపవాసులు. పలహారము ముగించి, కూర్చున్నచోటనే బేరమాడినవారు మన యాత్రికులు!

మనకు చేరువ నున్న అండమానులనే చూడుడు. ఉత్తరాంధ్రమునుండి బ్రతుకుతెరువుకై పోర్ట్ బ్లెయిరు ఓడ నెక్కి, ఆ దీవులలో తరతరములుగా కాపురముండి, వానలో తడిసి, మట్టిలో పిల్లలను పెంచినవారు వేలకొలది గలరు. వారి గోడలపై గుండుసూదులు లేవు. ఆ దీవులలోనిదే యగు ఉత్తర సెంటినెల్‌ను సమీపించుట, ఆదిమజాతుల రక్షణకై 1956లో వెలసిన నిబంధనల ననుసరించి నిషిద్ధము. 2004 సునామీ పిమ్మట యోగక్షేమములరయ పోయిన హెలికాప్టరుపై ఆ ద్వీపవాసి ఒకడు విల్లెక్కుపెట్టెను. అంతకంటె స్పష్టమైన కుశలవార్త మరియొకటి ఉండబోదు.

దిగుటకు వీలులేనిచోట దూరమునుండియైనను చూచిన దోషమేమని కొందరడుగుదురు. చూచుట దోషము కాదు. సెంటినెల్ వంటిచోట దిగకుండుటయే ధర్మము. చూచినదానిని తెలిసినదిగా చెలామణి చేయుటయే దోషము. మా స్టేషనులో ఆగని రైళ్ల కిటికీలనుండి నిత్యము ఎందరో మా మేడలపై ఆరవేసిన బట్టలను తిలకించుచు సాగిపోవుచున్నారు. వారిలో ఒకడు నాందేడులో దిగి, మల్కాజ్‌గిరివారు సరళహృదయులు, కాలగమనమెరుగనివారు అని ఉపన్యసించెనని తెలిసినచో, నీళ్ల ట్యాంకరుకై తెల్లవారుజాముననే లేచి, లెవెల్ క్రాసింగు వద్ద గడియారము చూచుకొనుచు మనసులో నిప్పులు గ్రక్కు మా పెద్దమనిషియే, కఱ్ఱ పుచ్చుకొని తరువాతి బండికి టిక్కెట్టు కొనును.

కావున ఓడ యజమానులకు నాదొక మనవి. యాత్రాంతమున మీరొసగు ప్రశంసాపత్రమున, ఈ మహాశయుడు ఫలానా ద్వీపమును దర్శించెనని వ్రాయుట మాని, యథార్థమునే వ్రాయుడు: ఫలానా దినమున ఆ ద్వీపవాసులు ఈ మహాశయుని దూరమునుండి చూచి, విశేషమేమియు లేదని గ్రహించి, తమ పనులకు తాము పోయిరి.