సూర్యోదయం పదిన్నరకు మార్చండి

“అడవే కదండీ, ఇక్కడెవరికి ఇబ్బంది?”

పోయిన శనివారం అర్ధరాత్రి దాటాక వంజంగి కొండ మీద విన్న మాట ఇది. మూడు టెంట్ల అవతల ఒక స్పీకరు, పాడేరు దాకా వినిపించి తీరాలన్న పట్టుదలతో మోగుతోంది. కాస్త తగ్గించమని చెప్పు బాబూ అని ఒక పెద్దాయన బతిమాలుకుంటే, టెంట్లు అద్దెకిచ్చే నిర్వాహకుడు ఇచ్చిన జవాబు. వెటకారంగా అనలేదు. మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయి అన్నాడు.

సీజను ఎలా ఉందో నేను చెప్పక్కర్లేదు. పాడేరు ఘాటులో కార్ల బారు మీరూ పేపర్లో చూశారు. కొందరు ఆ బారులోనే ఉండి ఉంటారు. లంబసింగి, చెరువులవేనం, మాడగడ, వంజంగి... కాళ్ల కింద మేఘాలు తేలే చోటు ఒకటుందని ఏ రీలులోనైనా కనిపిస్తే చాలు, శనివారం చీకటి పడేసరికి అక్కడ టెంటుకూ టెంటుకూ మధ్య చెయ్యి పట్టే సందు ఉండదు. ఎవరి తాడు తన్నుకుని ఎవరు పడ్డారో, ఎవరి గురక ఎవరి చెవిలో దూరిందో తేలదు. ఆ కష్టాలన్నీ రాస్తే ఈ జాగా చాలదు. నిర్వాహకుడి మాట ఒక్కదాన్నే పట్టుకుంటాను. అడవిలో ఎవరికీ ఇబ్బంది లేదని ఆయన తేల్చేశాడు. అంటే ఇబ్బందల్లా టూరిస్టుకే అన్నమాట. నిదానంగా ఆలోచిస్తే నాకూ ఔననే అనిపించింది.

మీరే చూడండి. హైదరాబాదు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చిన బృందం. చలిమంట, బొంగులో చికెన్, సీసాలు, స్పీకరు. ఇన్ని పనుల మధ్య తెల్లవారుజామున మూడింటికి గానీ నిద్రకు తీరిక దొరకలేదు. ఇంతలో సూర్యుడు, ఎవర్నీ ఒక్క మాట అడక్కుండా, అంత చలిలో ఆరున్నరకల్లా వచ్చి కూర్చున్నాడు! వీళ్లు కళ్లు నులుముకుంటూ టెంటు జిప్పు లాగేసరికి మేఘాలు కరిగిపోయాయి, కొండలు మామూలు కొండలైపోయాయి. ఆయన్ను చూడ్డానికే కదా ఇంత దూరం వచ్చింది? అతిథి లేచేదాకా ఆగే పాటి మర్యాద తెలియని వాణ్ని పట్టుకుని మనం ప్రత్యక్ష దైవం అంటున్నాం.

కనుక ప్రభుత్వం వెంటనే ఒక జీవో తేవాలి. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో వంజంగిలో సూర్యోదయం ఉదయం పదిన్నరకు. మిగతా రోజుల్లో పాత టైమింగే ఉంచొచ్చు. అప్పుడు చూసేది ఊరివాళ్లే, పెందలాడే లేవడం వాళ్లకు అలవాటే.

ఒక్క కొండ కోసం సూర్యుణ్ని ఎలా ఆపుతారని నిపుణులు అడ్డు తగులుతారు. నిజమే, అక్కడ ఆపితే రాష్ట్రమంతా ఆగుతుంది. కోనసీమ రైతు చీకట్లో గేదె పాలు పితుక్కోవాలి. బెజవాడలో ఇడ్లీ బండివాడు మధ్యాహ్నం దాకా బల్బు వెలిగించుకోవాలి. సర్దుకుపోతారు లెండి. టెంటులో నిద్రపట్టక కూర్చున్న పెద్దాయన్ని సర్దుకోమనగా లేనిది, రాష్ట్రాన్ని సర్దుకోమంటే తప్పా? అరసవల్లి భక్తులు అభ్యంతరం చెబుతారేమో అని కూడా లెక్క చూశాను. అక్కడ కిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చిలో, అక్టోబరులో. మనం అడుగుతున్నది చలికాలం. క్లాష్ లేదు. రథసప్తమి జనవరిలో పడిన ఏడు మాత్రం ఆ ఒక్క పూటా మినహాయింపు ఇస్తే సరిపోతుంది.

పదిన్నరకు కూడా లేవలేని వాళ్లుంటారు. వాళ్ల కోసం పన్నెండింటికి ఇంకో ఆట వేయాలి. ప్రజాప్రతినిధులు వస్తే ప్రొటోకాల్ ప్రకారం ప్రత్యేక సూర్యోదయం. ఎమ్మెల్యేగారి కాన్వాయ్ ఘాటులో ఇరుక్కుంటే ఉదయించినవాడు ఒకసారి వెనక్కి దిగి మళ్లీ ఎక్కాలి. డ్రోన్లు ఎగరేసేవాళ్ల కోసం పైకొచ్చే వేగం తగ్గించుకోవాలి, ఎడిటింగ్‌కు వీలుగా ఉంటుంది.

మేఘాల విషయంలో పెద్ద ఖర్చు ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులో తేమ పొగమంచై అక్కడే పేరుకుంటుంది. పొద్దెక్కాక నేల వేడెక్కితే విడిపోతుంది. మనం పాలసముద్రం అని ఫొటోలు దిగేది దాన్నే. అంటే మేఘాల్ని చెదరగొడుతున్న అసలు ముద్దాయి సూర్యుడే కదా? ఆయన్ని ఆపితే అవీ ఆగుతాయి, ఒక్క జీవోతో రెండు శాఖలు దారికొస్తాయి. అయినా కొన్ని మేఘాలు ఆదివారం డ్యూటీకి ఎగనామం పెడుతున్నాయని ఫిర్యాదులున్నాయి కనుక వాటికీ ముఖ ఆధారిత హాజరు పెట్టాలి. రాని రోజున టెంటు అద్దె వాపసు. ఈలోగా మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పచ్చికట్టెల మీద ప్లాస్టిక్ ప్లేట్లు పారేసి స్టాండ్‌బై మేఘం తామే తయారు చేస్తున్నారు. వాసనొక్కటే తేడా.

శబ్ద కాలుష్యం సంగతి కూడా జీవోలో ఉండాలి. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. మంచి నిబంధన, తప్పకుండా అమలు చేయాలి. ముందుగా కీచురాళ్ల మీద. ఏ లైసెన్సూ లేకుండా రాత్రంతా ఒకటే పాట. స్పీకరులో కనీసం పాటలు మారతాయి. గుడ్లగూబలకు నోటీసు, నక్కలకు ఆఖరి హెచ్చరిక. నక్షత్రాలను ఆర్పేయడమే మంచిది. టెంట్ల చుట్టూ ఫ్లడ్‌లైట్లు, రాత్రంతా హెడ్‌లైట్లు వెలుగుతుంటే అవి ఎవరికి కనిపిస్తున్నాయి గనక? కరెంటు దండగ. చలిని కూడా నాలుగు డిగ్రీలు తగ్గించమనాలి, గ్లాసు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయట.

ఇక క్రమశిక్షణ. క్యాంపుల్లో కొందరు తొమ్మిదింటికే నిద్రపోతున్నారు. పసిపిల్లల్ని జోకొడుతున్నారు. గుసగుసగా మాట్లాడుకుంటూ పక్కవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నారు. కొందరైతే తమ చెత్త తామే సంచిలో కట్టుకుని కిందికి మోసుకుపోతున్నారు. చూసేవాళ్లకు ఎంత అవమానం! ఇలాంటివాళ్ల దగ్గర అపరాధ రుసుం వసూలు చేయాలి. నిద్రపోవాలంటే ఇళ్లు లేవా? గ్లాసులు, ప్లేట్లు, చెంచాల లాంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు కదా, మరి కొండ మీద ఇవెలా ఉన్నాయని అడిగేవాళ్లూ వీళ్లే. నిషేధం ఘాటు ఎక్కలేక కిందే ఆగిపోయిందని వీళ్లకెవరు చెబుతారు? ఏమైనా ఆదివారం రాత్రికల్లా పారేసినదాన్నంతా అరిగించుకుని సోమవారం పొద్దుటికి పచ్చగా తయారుగా ఉండాలని కొండకు మెమో ఇస్తే ఆ గొడవా ఉండదు.

జీవో చిత్తుప్రతి ఇక్కడిదాకా బాగానే వచ్చింది. ‘ఇందువల్ల ఇబ్బంది పడువారు’ అనే గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. నిర్వాహకుడి లెక్కన అక్కడ ‘ఎవరూ లేరు’ అని రాయాలి. ఆ రెండు ముక్కలూ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఎందుకంటే వంజంగి ఒక ఊరు. వ్యూపాయింటు కాకముందు నుంచీ ఊరు. మీరు స్పీకరు పెట్టిన కొండ కింద ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో మనుషులున్నారు. మీకు సీజనైన నవంబరు, డిసెంబరు, జనవరి నెలలే ఈ ఏజెన్సీలో కాఫీ పళ్లు కోసే కాలం. చీకటితో లేచి, సిల్వర్ ఓక్ నీడల్లో, తడిసిన కొమ్మలు వంచుకుంటూ ఒక్కొక్క ఎర్ర పండూ చేత్తో కోయాలి. మీ వీకెండ్ వాళ్ల పనిరోజు. మీరు రాత్రి మూడింటికి పాట ఆపితే, ఆ తర్వాత వాళ్లకు మిగిలే నిద్ర ఎంత? మీరు ఫొటో కోసం అడ్డంగా తొక్కిన పసుపుపచ్చ పూల మడి తోట కాదు, వలిసెల చేను. దాని గింజలు అమ్ముకుంటేనే వాళ్ల చేతికి డబ్బు. మీరు బండకేసి కొట్టిన సీసా ముక్కల మీద సోమవారం చెప్పుల్లేని కాళ్లు నడుస్తాయి. మీరు తడి టిష్యూలు వదిలొచ్చిన పొద కింద నుంచే ఊట దిగుతుంది. దాన్నే బిందెల్లో పట్టుకుంటారు. కట్టెలమోపుతో వెళ్తున్న ఆడపిల్లను అడక్కుండా వీడియో తీసి, కింద నవ్వే బొమ్మలు పెట్టిన మహానుభావులు కూడా మీలోనే ఉన్నారు.

ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు ఇక్కడ సెంటు భూమి కొనడానికి లేదు. జీవితాంతం దాచిన డబ్బు తెచ్చినా దొరకని హక్కును, ఒక్క రాత్రి టెంటు అద్దెకే కొనేశామనుకుంటే ఎలా? డబ్బు కట్టామంటారు. కట్టింది గుడ్డ గుడారానికి. ఊరివాళ్ల రాత్రిని అమ్మే అధికారం ఆ నిర్వాహకుడికి ఎవరిచ్చారు? ఎదురు మాట్లాడరు కాబట్టి వాళ్లు లేరనుకుంటున్నారు. చెబితే గొడవకు దిగుతారన్న భయంతో ఊరివాళ్లు మాట్లాడకపోవడాన్ని అంగీకారం కింద జమకట్టుకుంటున్నారు. సిగ్గుచేటు.

అధికారులకు ఒక మాట. సూర్యుణ్ని అలాగే ఉండనివ్వండి, కొత్త జీవో ఏదీ వద్దు. రాత్రి స్పీకర్ల మీద పాతికేళ్ల నాటి నిబంధన ఉంది, దాని అమలుకు మీరే బాధ్యులు. స్పీకరును కొండ కిందే తీసి పెట్టించండి, దిగేటప్పుడు తిరిగి ఇచ్చేయండి. వచ్చే శనివారం రాత్రి పదింటికి ఒక పోలీసును, ఒక అటవీ ఉద్యోగిని పైకి పంపండి. పది దాటాక మోగించినవాడికి జరిమానా, మోగించనిచ్చిన క్యాంపు ఆ రాత్రికే మూత. ఎన్ని టెంట్లు, ఎక్కడ వేయాలో గ్రామసభను అడిగి నిర్ణయించండి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ మాటకు బలమిచ్చే పీసా చట్టం 1996లోనే వచ్చింది.