దెయ్యానికి దొరికే మర్యాద

కర్ణాటకలోని చింతామణి తాలూకా మురుగమల్లలో ముక్తీశ్వరుడి గుడి ఉంది, అమ్మాజాన్ బావాజాన్ దర్గా ఉంది. ముక్తి కావాల్సినవాళ్లు గుడికి, దెయ్యం వదలాల్సినవాళ్లు దర్గాకు. బస్సు దిగినవాళ్లలో ఎవరు హిందువో ఎవరు ముస్లిమో దెయ్యం అడగదు. కులం సర్టిఫికెట్ లేకుండా పని జరిగేది ఒక్క దాని దగ్గరే.

భక్తి విడుదలా, ఇంకో వెట్టిచాకిరీనా అని వాదించుకునే పండితులు ఒకపూట ఆ ఆవరణలో కూచుంటే చాలు. గాలి సోకిందని తీసుకొచ్చిన కోడలు జుట్టు విరబోసుకుని ఊగుతుంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. అత్తను పట్టుకుని "ఏమే" అంటుంది. ఇంట్లో అయితే పళ్లు రాలేవి. ఇక్కడ ఆ అత్తే చేతులు జోడించి "నీకేం కావాల తల్లీ?" అని అడుగుతుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ మాట అడిగిన నాథుడు లేడు. కోడిపులుసంటే కోడిపులుసు, పుట్టిల్లంటే పుట్టిల్లు. (దెయ్యానికి పుట్టిల్లేమిటని ఎవరికీ అనుమానం రాదు.)

తర్వాత నయమవుతుంది. తాయెత్తు కట్టి, మొక్కు చెల్లించి ఇంటికి తెస్తారు. తెల్లారకముందే లేచి పాలు పిండాలి, డెయిరీకి పొయ్యాలి, పట్టుపురుగులకు ఆకు వెయ్యాలి. దెయ్యానికి విడుదల, కోడలికి డ్యూటీ.

అదే తాలూకా కైవారంలో నారేయణ తాతయ్య గాజులు అమ్ముకునేవారు. పరదేశి గురువు నోట్లో గులకరాయి పెట్టి, అది కలకండ అయ్యేదాకా జపం చెయ్యమన్నాడట. ఆయన బేరం మాని గుహలో కూచున్నారు, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు, కాలజ్ఞానం చెప్పారు, యోగి అయ్యారు. అదే రాయి నోట్లో పెట్టుకుని ఏ ఇంటి కోడలో పొయ్యి ముట్టించకుండా గుహలో కూచుంటే? మూడోనాటికి మురుగమల్ల బస్సెక్కించేవాళ్లు.

తమిళనాడు ఏర్వాడిలోనూ ఇలాంటి దర్గా ఉంది. అక్కడ 2001 ఆగస్టులో మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుంటే, గొలుసులతో కట్టేసిన రోగులు పరుగెత్తే దారిలేక కాలిపోయారు. 28 మంది. 2017 చట్టం మానసిక రోగులకు గొలుసు వెయ్యడాన్ని నిషేధించింది. గొలుసంటే ఇనుపదే అని చట్టం ధీమా.

మురుగమల్ల దర్గాకొచ్చేవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లూ ఉంటారు. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఎంతో దూరం లేదు, చూపించండని చెబితే ఇంటిల్లిపాదీ వద్దంటారు. అక్కడి డాక్టరు దెయ్యాన్ని పక్కనబెట్టి అత్తను ప్రశ్నలడుగుతాడు.