పచ్చ అంచు రసికుడు

1990 ప్రాంతమున అమెరికా దేశమున ఒక నూతనజాతి సంగీతరసికుడు ప్రభవించెను. క్రొత్తగా కొనిన కాంపాక్ట్ డిస్కును తెచ్చినది తెచ్చినట్లు ప్లేయరులో పెట్టుట, ఈతని దృష్టిలో, స్నానమాడక మడివంట ముట్టుకొనుట వంటి యనాచారము. దీపము చేరువకు లాగి, డిస్కును మునివ్రేళ్ళ నడుమ నిలిపి, 1.2 మిల్లీమీటర్ల మందము మాత్రమే గల దాని యంచు చుట్టును, ఒక్క చుక్కయైన తళతళలాడు ముఖముపైకి జారనీయక, ఊపిరి బిగబట్టి ఆకుపచ్చ మార్కరుతో రంగు దిద్దినగాని ఈతనికి పాట చెవికెక్కదు. ఇందులకై 'సీడీ స్టాప్‌లైట్' అను ప్రత్యేకకలమే అంగళ్ళ కెక్కినదన్న, ఈతడు ఏకాకి కాడని తెలియుచునేయున్నది. మరికొంత ముదిరినవాడు ప్లేయరు ట్రేకును నల్లరంగు పూయును. గ్యారంటీ పోవునని భార్య మొఱపెట్టిన, గ్యారంటీకి చెవులు లేవనును.

లేజరు కిరణము చెదరి, అంచున తగిలి మరలివచ్చి, చదువు కంటిని కలవరపెట్టుననియు, ఆ యెఱ్ఱని వెలుగును పచ్చరంగు దిగమ్రింగుననియు ఈతని సిద్ధాంతము. ఆ లేజరు 780 నానోమీటర్ల పరారుణమనియు, కంటి కగపడు రంగుల వైరములు దానికి పట్టవనియు ఎవరైన విన్నవించిన, చిఱునవ్వు నవ్వును. కొన్నేండ్లకు కొడుకు తెచ్చుకొనిన ప్లేస్టేషన్ ఆటల డిస్కులు చూచుటకు కాటుకనలుపై యుండియు లేజరును నిరాటంకముగ పోనిచ్చుచుండుట కన్నులయెదుటనే జరిగినను, అవి ఆటవస్తువులని త్రోసిపుచ్చెను. సెకనుకు 44,100 మారులు కొలిచి వ్రాసిన యంకెలలో కొన్ని చెదరినను రీడ్-సాలమన్ గణితము వానిని సరిదిద్దుననియు, దిద్దిన యంకెకు మార్దవమను గుణము వేఱుగ అబ్బదనియు చెప్పినచో, "మీరు వినలేదు" అను ఒక్కమాటతో వాదము ముగించును.

నిజమునకు ఈతని చెవి కడు సూక్ష్మమే. కాని తన చేయి రంగు పూసినదని ముందుగ తెలిసినప్పుడే అది మేల్కొనును. తెరచాటున పూసినదానిని, పూయనిదానిని మార్చిమార్చి వినిపింతునని మిత్రుడొకడు పిలువగా, మొదట సమ్మతించి, ఆంప్లిఫయరు ఇంకను వేడెక్కలేదనియు, గాలిలో తేమ హెచ్చినదనియు వంకలు పెట్టి, తుదకు పరీక్ష యను నుద్వేగమే శ్రవణశక్తిని మందగింపజేయునని తీర్మానించెను. ఈ తుదివాదమునకు మాత్రము నేనును జోహారనక తప్పదు. ఓడుటకు వీలులేని మతమునకు ఇంతకుమించిన కోట లేదు.

ఇపుడీతడు ఊరి గ్రంథాలయమునుండి ఎరవు తెచ్చిన డిస్కులకును లోకోపకారార్థము పచ్చయంచు దిద్ది తిరిగి యిచ్చుచు, వస్తువు పాడుచేసినందులకు వారు విధించు జరిమానాను ధర్మవ్యయము క్రింద వ్రాసికొనుచున్నాడు.