బొమ్మ చార్మినార్‌ది, చప్పుడు కైరోది

మన తెర మీద పాతబస్తీ వస్తోందంటే కళ్లకన్నా ముందు చెవులకే తెలిసిపోతుంది. చార్మినార్ మీదుగా డ్రోన్ ఎగురుతుంది. పావురాలు రెక్కలు టపటపలాడిస్తాయి. వెనక అంగడి గోల. ఆ గోలను కాస్త చెవి ఒగ్గి వినండి. అందులో గాజుల బేరం ఉండదు. దక్కనీ ఉర్దూ "హౌ", "నక్కో" ఉండవు. ఆటో హారన్ అసలే ఉండదు. ఎవరో అరబ్బీలో కూరగాయలు అమ్ముతుంటారు. అది కైరో బజారు! లాడ్ బజార్‌కు కైరో కూరగాయలు తెప్పించుకునే వైభోగం నిజాం నవాబుకైనా పట్టిందో లేదో గానీ, పత్థర్‌గట్టీ ముత్యాలకు అరనిమిషం ప్రకటన తీసే ఎడిటర్ బాబుకు పట్టింది. ఖర్చెంత? పైసా లేదు. "నెట్‌లో దొరికింది సార్." దొరకదా మరి! చెయ్యి పెడితే పక్కవాడి జేబులో పర్సు కూడా దొరుకుతుంది.

2003 నాటి 'ఒక్కడు' సినిమా కోసం చార్మినార్‌నే సెట్టు వేసి నిలబెట్టిన పరిశ్రమ మనది. కంటికి అంత పెట్టుబడి పెట్టే ఊళ్లో చెవి దగ్గరికి వచ్చేసరికి ఎడిటింగ్ రూమ్ కుర్రాడి హార్డ్‌డిస్కే దిక్కు. అందులో 'ఎఫెక్ట్స్' అని ఒక ఫోల్డర్. సీనియర్ నుంచి జూనియర్‌కు గురుశిష్య పరంపరలో దిగుతుంది. ఆ తలుపు కిర్రుమన్నది ఎవరి ఇంట్లోనో, ఆ కుక్క మొరిగింది ఏ దేశంలోనో గురువుకూ తెలియదు, శిష్యుడూ అడగడు.

ఈ పరంపరకు కొన్ని మహావాక్యాలున్నాయి. మొదటిది: "ఏడు సెకన్ల లోపు వాడితే కేసు కాదు." 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని అట్ట నుంచి అట్ట దాకా తిరగేయండి, ఆ ఏడు సెకన్లు కనిపిస్తే నాకూ చూపించండి. 52వ సెక్షన్ మినహాయింపులు ఇస్తుంది, నిజమే. సొంతానికి వినొచ్చు, విమర్శకు వాడుకోవచ్చు, పెళ్లి బారాత్‌లో పాట మోగించుకోవచ్చు. బారాత్‌లో మోగితే కళ్లు మూసుకునే చట్టం, పెళ్లిచీరల కొట్టు ప్రకటనలో మోగితే కళ్లు తెరుస్తుంది.

రెండోది: "పాట కాదు కదా, ఉత్త చప్పుడే!" చట్టానికి శ్రుతితో పనిలేదు, లయతో అంతకన్నా లేదు. రికార్డు చేసింది శబ్దమైతే చాలు. త్యాగరాజ కీర్తనైనా, ప్రెషర్ కుక్కర్ విజిలైనా, ఆ రికార్డింగు మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు నడుస్తుంది.

మూడోది: "రాయల్టీ ఫ్రీ అంటే ఫ్రీయే." ఒకసారి డబ్బు కట్టు, వాడినప్పుడల్లా కట్టక్కర్లేదు అని దాని భావం. మనవాళ్లు మొదటి సగం వదిలేసి రెండో సగానికి దండం పెట్టారు. బీబీసీ 33,000కు పైగా శబ్దాలను నెట్‌లో పెట్టింది. చదువుకు, పరిశోధనకు, సొంత వినికిడికి ఉచితం. సరుకు అమ్ముకోవడానికైతే విడిగా లైసెన్సు కొనాలి. ఫ్రీసౌండ్ అనే వెబ్‌సైట్‌లోనూ అంతే. కొన్ని శబ్దాలకు ఏ షరతూ లేదు, కొన్నిటికి రికార్డు చేసినవాడి పేరు వెయ్యాలి, కొన్నిటిని వ్యాపారానికి ముట్టుకోకూడదు. ప్రతి ఫైలు పక్కనే రాసి ఉంటుంది. హీరోగారి అగ్రిమెంటులో కామాలు లెక్కపెట్టే నిర్మాతకు ఈ ఒక్క లైను ఆనదు.

పోనీ, లైసెన్సు కొన్న పుణ్యాత్ములున్నారు. కాగితం చదివారా? మన చట్టం ప్రకారం అందులో గడువు రాయకపోతే ఐదేళ్లే. ఏయే దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. సినిమా మాత్రం డాలస్‌లో, న్యూజెర్సీలో మనకన్నా ముందు రోజే ప్రీమియర్!

ఇదే నిర్మాత ట్రైలర్ నుంచి ఒక కాలేజీ పిల్లాడు పది సెకన్లు కత్తిరించి రీల్ చేశాడనుకోండి. తెల్లారేసరికి కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది. 63వ సెక్షన్ అప్పుడు కంఠతా వస్తుంది: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తన సొత్తు పోతే పైరసీ, పరాయి సొత్తు వస్తే రిఫరెన్స్.

ఇంతకీ ఈ దొంగతనానికి అవసరమేముంది? వీధి చప్పుడు మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మైకు పట్టుకెళ్లి రికార్డు చేయించినవాడిదే ఆ రికార్డింగు. చార్మినార్ పక్క సందుల్లో వరఖ్ కొట్టే చోటికి వెళ్లి నిలబడండి. వెండి తునకలను పొత్తంలో పొరల మధ్య పేర్చి, రాతి మీద పెట్టి, సుత్తితో గంటల తరబడి కొడతారు. ఒకరి సుత్తి లేచేలోగా పక్కవారిది పడుతుంది. మిఠాయి మీద ఊపిరి తగిలితే ఎగిరిపోయేటంత పల్చని రేకు వెనక అంత మోత ఉంది. డబ్బిచ్చి కొందామన్నా ఏ లైబ్రరీలో దొరుకుతుంది ఇంత పాతబస్తీ?

మర్ఫా మోత కావాలా? హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం సైన్యంలోకి వస్తూ వెంట తెచ్చిన వాద్యం అది. ఇది వీధి చప్పుడు కాదు, కళాకారుల ప్రదర్శన. 38వ సెక్షన్ వాళ్లకు 50 ఏళ్ల హక్కు ఇచ్చింది. అడగాలి, రాయించుకోవాలి, చేతిలో డబ్బు పెట్టాలి. మనవాళ్లు చేసేదేమిటి? ఎవరిదో పెళ్లి వీడియో యూట్యూబ్ నుంచి దించి, మర్ఫా కోసి, సంగీత దర్శకుడి పేరు అతికించడం. చేతులు బొబ్బలెక్కేలా వాయించినవాడికి టైటిల్స్‌లో చోటు ఉండదు. డ్రోన్ అద్దెకిచ్చినవాడికి మాత్రం ప్రత్యేక కృతజ్ఞతలు.

నిర్మాత గారూ, మీ ఆఫీసు నుంచి చార్మినార్‌కు ఆటో చార్జీ మీ యూనిట్ ఒక పూట టీ ఖర్చు కూడా కాదు. రికార్డర్ అద్దెకు దొరుకుతుంది. సిగ్గు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.