డబ్బు పుస్తకాలు: వాడే విధానం

ముందు పుస్తకం కొనాలి. ఎప్పుడు కొంటున్నామన్నది ముఖ్యం. జీతం పడిన రోజు మంచిదే, ఉగాది కూడా ఫరవాలేదు. కానీ వీటన్నిటికన్నా గట్టి ముహూర్తం ఒకటుంది. ఆఫీసులో మీ తర్వాత చేరిన కుర్రాడు గృహప్రవేశానికి పిలుస్తాడు. వెళ్లి, మూడు పడకగదులూ మాడ్యులర్ కిచెనూ తిరిగి చూసి, భోంచేసి, వాళ్లిచ్చిన స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని క్యాబ్‌లో ఇంటికొస్తుంటారు చూడండి, ఆ సాయంత్రం. దారిలోనే ఆర్డరు పెట్టేయండి. మూడొందలో మూడొందల యాభయ్యో అవుతుంది. పుస్తకం ఇంకా గోదాము దాటకముందే మనసు కుదుటపడుతుంది. ఖర్చు పెట్టినా దాచుకున్న తృప్తినిచ్చే సరుకు బజారులో ఇదొక్కటే.

ఏ పుస్తకం ఎవరికి?

ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ‘రిచ్ డాడ్ పూర్ డాడ్’. రాబర్ట్ కియోసాకి 1997లో తెచ్చాడు, తెలుగులోనూ దొరుకుతుంది. అందులో చాలా విషయాలున్నాయి గానీ మీకు ఒక్కటి చాలు: మనం కాపురముంటున్న ఇల్లు ఆస్తి కిందకు రాదు. ఈ మాటను మీ నాన్నగారితో చెప్పండి. ఇరవయ్యేళ్లు ఈఎంఐలు కట్టి, నిరుడే బ్యాంకు నుంచి దస్తావేజులు తెచ్చుకున్న మనిషి ఆయన. పప్పన్నంలో నెయ్యి వేసుకుంటున్నప్పుడు చెబితే బాగా ఎక్కుతుంది. ఆ రిచ్ డాడ్ అసలెవరన్న దానిమీద చాలా వాదన నడిచిందనీ, రచయిత కంపెనీల్లో ఒకటి 2012లో దివాలా పిటిషన్ వేసిందనీ మాత్రం ఆయన చెవిన పడనివ్వకండి.

అప్పు తీర్చేసి సొంతింట్లో ఉంటున్నవాళ్లకు మోర్గాన్ హౌసెల్ 2020లో రాసిన ‘సైకాలజీ ఆఫ్ మనీ’. కాగితం మీద లెక్కకు నిలవదని తెలిసినా తన ఇంటి మీద అప్పు ఉంచుకోలేదని ఆయన చెప్పుకున్నాడు. ఈ రెండు పుస్తకాలనూ అరలో పక్కపక్కనే పెట్టుకోండి. మీరు ఇదివరకే చేసేసిన పనిని ఏది మెచ్చుకుంటుందో దాన్ని తీసి చదువుకోవచ్చు.

వీడియో మీటింగులో మీ వెనక కనబడడానికి బెంజమిన్ గ్రాహం రాసిన ‘ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’. 1949 నాటిది, లావుగా ఉంటుంది. తెరవనక్కర్లేదు.

క్లుప్తత ఇష్టపడేవారికి జార్జ్ క్లాసన్ ‘ద రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలోన్’. 1926 నుంచి చిన్న చిన్న కరపత్రాలుగా వచ్చింది. బ్యాంకులూ బీమా కంపెనీలూ వాటిని జనానికి పంచిపెట్టేవి. సంపాదించిన దాంట్లో పదోవంతు ముందే పక్కన పెట్టు అన్నాడాయన. వందేళ్ల కిందటే చెప్పేసిన మాట. తర్వాత వచ్చిన పుస్తకాలకు పని లేకుండా పోతుందేమోనని భయపడకండి. పదోవంతు పక్కన పెట్టినవాళ్లు తక్కువే కాబట్టి మిగతా రచయితలందరూ బతికిపోయారు.

ఆడవాళ్లకైతే అట్ట గులాబీరంగులో ఉన్నదేదైనా సరిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

ఒక హెచ్చరిక. వీలైనంతవరకు అమెరికా పుస్తకమే కొనండి. అందులో 401కే, రాత్ ఐఆర్ఏ లాంటి రిటైర్మెంటు ఖాతాలుంటాయి. డాలస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకుకు అవన్నీ ఉన్నాయి, మీకు లేవు. కాబట్టి మూడో అధ్యాయానికల్లా “ఇవన్నీ మన దేశంలో కుదరవండీ” అని ధైర్యంగా మూసేయొచ్చు. మోనికా హలన్ 2018లో రాసిన ‘లెట్స్ టాక్ మనీ’ లాంటి దాన్ని తెచ్చుకున్నారో, అంతే సంగతులు. అందులో పీపీఎఫ్ ఉంటుంది, టర్మ్ ఇన్సూరెన్స్ ఉంటుంది, మనం బీమా అనుకుని కట్టే ఎండోమెంట్ పాలసీ సంగతీ ఉంటుంది. సాకులన్నీ ఊడిపోతాయి.

చదివేటప్పుడు గీతలు గీయండి. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచిన పాత పుస్తకాల్లో డబ్బు పుస్తకం ఏది తీసినా ఒక వరస కనిపిస్తుంది. మొదటి అధ్యాయం నిండా పసుపు హైలైటరు. రెండో అధ్యాయంలో పెన్సిలు, అదీ అక్కడక్కడ. ఒకదాంట్లో మార్జిన్‌లో ‘వచ్చే నెల నుంచి’ అని రాసుంది, కింద రెండు గీతలు. మూడో అధ్యాయంలో నెలసరి ఖర్చుల పట్టిక నింపమంటాడు రచయిత. అక్కణ్ణుంచి చివరి పేజీ దాకా కాగితాలు కొత్త పెళ్లికూతురి చీరలా నలగకుండా ఉన్నాయి. పేవ్‌మెంట్ మీద సంపద సృష్టి రహస్యాల పైరసీ కాపీలు కూడా దొరుకుతాయి, బేరమాడి తీసుకోండి.

ఇప్పుడు అసలు సూత్రం. శాతాలను శాతాలుగానే చదవండి. పొరపాటున కూడా మన లెక్కలోకి మార్చుకోవద్దు.

మన లెక్క అంటే, నెలకు నూటికి ఎంత అని. రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ. బడి మెట్లెక్కని వాళ్లు కూడా నోటితో చెప్పేస్తారు. లక్ష తెచ్చుకుంటే రెండ్రూపాయల చొప్పున నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవైనాలుగు వేలు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే ఆయుష్షనీ, ఆలోగా తిరగరాయించుకోకపోతే కోర్టులో చెల్లదనీ మా తాతల తరానికి ఏ పుస్తకమూ చెప్పలేదు. బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా వాళ్లకు కడుపులో తెలుసు.

ఆ లెక్కలోకి మారిస్తే ఏమవుతుందో చూడండి. సేవింగ్స్ ఖాతాలో పడున్న మన డబ్బుకు బ్యాంకు ఇచ్చేది పావలా వడ్డీ, ఒక్కోసారి అదీ పూర్తిగా ఉండదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ పథకం పెట్టింది గుర్తుందా? సర్కారు దయతలచి పేదలకిచ్చిన రేటుకు మనం బ్యాంకులకు అప్పిస్తున్నాం. ఫిక్సెడ్ డిపాజిట్ అర్ధరూపాయికి కాస్త పైన. ఇంటి లోను ముప్పావలాకు అటూ ఇటూ. షేర్ల ఫండ్లలో చాలా ఏళ్లు ఓపిక పడితే రూపాయి దాకా రావచ్చు, హామీ లేదు, నడుమ అసలే కరిగినట్టు కనిపించే ఏళ్లుంటాయి. చక్రవడ్డీ మీద పావలా అయితే డబ్బు రెట్టింపవడానికి ఇరవైనాలుగేళ్లు, అర్ధరూపాయి అయితే పన్నెండు, రూపాయి అయితే ఆరు.

ఇక క్రెడిట్ కార్డు. బాకీ మొత్తం కట్టకుండా ‘మినిమమ్ డ్యూ’ కట్టి ఊరుకుంటే చాలా కార్డుల మీద పడేది నెలకు మూడున్నర శాతం దాకా, పైన జీఎస్టీ. అంటే మూడున్నర రూపాయల చక్రవడ్డీ. పైసా కట్టకపోతే ఇరవై నెలల్లో అప్పు రెట్టింపు. వీధి చివర ఫైనాన్సు వ్యాపారి మూడ్రూపాయలు అడిగితే “రక్తం పీల్చేస్తాడు” అని ఇంటికొచ్చి తిట్టుకుంటాం. 2015లో విజయవాడ కాల్‌మనీ అధిక వడ్డీల బాగోతం బయటపడ్డప్పుడు పేపరు చదివి అందరం ఉలిక్కిపడ్డాం. కార్డు మీద ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఇడ్లీ ఉచితంగా పెడతారు కాబట్టి అక్కడ మాత్రం వడ్డీ అడగం. ఇదంతా తెలిస్తే ఆ రాత్రే లేచి ఏదో ఒకటి చేయాల్సొస్తుంది. అందుకే చెబుతున్నా, శాతాల్లోనే ఉండండి. అంకెలు అక్కడ మర్యాదగా ఉంటాయి.

గులాబీరంగు పుస్తకం సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ లక్ష రూపాయల చీటీ నడుపుతారు. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు అయిదు వేలు. మూడో నెల పాటలో మూడో అంతస్తు ఆవిడ ఇరవై వేలు తగ్గించి ఎనభై వేలకు పాడుకున్నారు. నిర్వాహకురాలికి అయిదు వేలు పోను, మిగిలిన పదిహేను వేలు ఇరవై మందికి తలా ఏడొందల యాభై. రూళ్ల నోటుబుక్కు, క్యాలిక్యులేటర్ లేదు.

“ఇరవై వేలు పోగొట్టుకుని పాడుకోవడమెందుకు వదినా?” అన్నారు ఎవరో.

“పోవడమేంటి? మావాడి కాలేజీ ఫీజుకు బయట తెస్తే మూడ్రూపాయలు. ఇక్కడ వేసుకుంటే రూపాయిన్నర చిల్లర పడుతుంది. మీరే చెప్పండి.”

నేనింటికొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తే ఆవిడ లెక్క సరిగ్గా ఉంది. పోయిన మహిళా దినోత్సవానికి వాళ్ల ఆఫీసువాళ్లు ఆవిడకు ‘స్త్రీలకు సులభంగా ఆర్థిక పాఠాలు’ తరహా గులాబీరంగు అట్ట పుస్తకం ఒకటి బహుమతిగా ఇచ్చారు. (రిజిస్ట్రేషన్ లేని చీటీలు నమ్మకం మీద నడిచేవి. నడిపినవాళ్లు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిన కథ ప్రతి కాలనీకీ ఒకటుంటుంది. ఆ లెక్క నోటుబుక్కులో పట్టదు.)

టీ మానేయండి. అమెరికాలో డేవిడ్ బాక్ అనే ఆయన రోజూ తాగే కాఫీ మానేసి దాచితే కోటీశ్వరులవుతారని పెద్ద ప్రచారం తెచ్చాడు. మన ఇరానీ చాయ్ ఇరవై రూపాయలనుకుంటే ఏడాదికి ఏడు వేల మూడొందలు మిగులుతాయి. దాంతో కల్యాణ మండపం వాడికి కరెంటు చార్జీలు కట్టొచ్చు.

చదివే తీరిక లేకపోతే యూట్యూబులో పది నిమిషాల సారాంశం చూడండి, రెట్టింపు వేగంలో.

పుస్తకాన్ని బంధువులకు అరువివ్వండి. చేబదులు తీసుకున్న డబ్బుతో పాటే తిరిగొస్తుంది.

చేబదులంటే గుర్తొచ్చింది. ఈ పుస్తకాలన్నిటా ‘నేను’ అనే ఒంటరి మనిషి ఉంటాడు. జీతం వాడిదే, ఖర్చు వాడిదే, అరవై ఏళ్లు వచ్చాక సముద్రపు ఒడ్డున కుర్చీ కూడా వాడిదే. మన జీతం ఖాతాలో పడేసరికే దానిమీద నాలుగైదు పేర్లు రాసుంటాయి. చెల్లెలికి పెట్టాల్సిన సారె, తమ్ముడి హాస్టలు ఫీజు, మేనమామకు స్టెంటు. పెట్టుపోతల మీద అధ్యాయమున్న పుస్తకం నేనింతవరకు చూడలేదు. ఆరు నెలల ఖర్చులు అత్యవసర నిధిగా ఉంచుకోమంటారు. ఉంచామే అనుకోండి, ఉందని తెలిసిన మర్నాడు ఎవరికో అత్యవసరం వస్తుంది. బావమరిదికి ‘లేదు’ అని ఎలా చెప్పాలో గ్రాహం రాయలేదు, ఆయన శిష్యుడు బఫెట్ చెప్పలేదు. చెప్పాలని నాకూ గట్టిగా ఉందా అంటే, ఏమో. నాకు ఇబ్బందొచ్చినప్పుడు డబ్బొచ్చిందీ ఆ దారినే. నోటు రాయించుకోలేదు, వడ్డీ ఊసెత్తలేదు. దాన్ని ఎక్సెల్ షీటులో ఏ గడిలో వేసుకోవాలో నాకిప్పటికీ తెలీదు.

ఒక్క ప్రమాదం నుంచి మాత్రం మిమ్మల్ని కాపాడాలి. 2013లో షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెరాల్డ్ పోలాక్, హెలేన్ ఓలెన్ అనే పాత్రికేయురాలితో మాట్లాడుతూ, జనానికి కావలసిన డబ్బు సలహా అంతా ఒక చిన్న అట్టముక్క మీద పడుతుందన్నాడు. ఏదీ చూపించమన్నారు జనం. రాసి ఫోటో తీసి పెట్టాడు. జీతంలో అయిదోవంతు దాచు, క్రెడిట్ కార్డు బాకీ ప్రతినెలా పూర్తిగా కట్టెయ్, చౌక ఫండ్లు కొనుక్కో, విడి షేర్ల జోలికి పోకు, ఇలాంటివే. చదవడానికి నిమిషం పట్టదు. ఈ విపత్తును లోకం ఎలా దాటిందంటే, 2016లో వాళ్లిద్దరూ కలిసి ఆ అట్టముక్క మీద ఒక పుస్తకం రాశారు. హమ్మయ్య, మళ్లీ కొనుక్కోవచ్చు.

ఆ అట్టముక్క మీద చివరి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. కష్టకాలంలో మనుషుల్ని ఆదుకునే ప్రభుత్వ సామాజిక బీమాకు మద్దతుగా నిలవమంటాడు. సొంత తెలివితో కోట్లు గడించడమెలాగో చెప్పే పుస్తకాల పక్కన ఆ మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు చేతబట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన కుటుంబాలను అడగండి. పొలం మిగిలింది. వాళ్లు పదోవంతు దాచారా లేదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. దాచడానికి పదోవంతన్నా ఉందా అనీ అడగలేదు.

చివరి మెళకువ, నామినీ కాలమ్ ఖాళీగా వదలండి. ఏ బ్యాంకు ఖాతా ఎక్కడుందో ఇంట్లో చెప్పకండి. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని పోర్టల్ కూడా పెట్టారు కాబట్టి పిల్లలకు కాలక్షేపమవుతుంది. ఫారం నింపడానికి పది నిమిషాలు చాలు, నిజమే. కానీ అందులో చదివి ఉప్పొంగిపోయేదేముంది?

“ఏమండీ, ఆ ఎల్ఐసీ బాండు ఎక్కడ పెట్టారు? నామినీగా ఇంకా అత్తయ్యగారే ఉన్నట్టున్నారు.”

“ఉండవోయ్, చదువుతున్నాను కదా. ఇప్పుడే నామినేషన్ అధ్యాయం మొదలైంది.”