సిస్టమ్ బాబాయిగారు

"బాబాయిగారూ, ఫోన్లో మెమరీ కార్డు కంప్యూటర్లో కనిపించడం లేదండీ" అంటే ఆయన ఫోన్ ఏదని అడగరు, కేబుల్ ఏదని అడగరు. "నిన్న ఏం చేశారు?" అంటారు.

"ఏమీ చెయ్యలేదండీ."

"ఏమీ చెయ్యకుండా దానంతటదే పోతుందా?"

అంతే. కార్డు సంగతి దేవుడెరుగు, ముందు మనం ముద్దాయిలం. పిల్లాడు ఏదో గేమ్ వేసుకున్నాడనీ, ఎవరిదో తెలియని పెళ్ళి శుభలేఖ వాట్సాప్‌లో వస్తే తెరవబోయామనీ ఒక్కొక్కటే ఒప్పేసుకుంటాం. అన్నీ విని, కళ్ళు అరమూసి, "ఊఁ... వైరస్" అంటారు. అలా తేల్చేనాటికి ఆయన ఇంకా కార్డు మొహం చూసి ఉండరు.

మీ అపార్ట్‌మెంటులోనూ ఇలాంటి బాబాయిగారు ఒకరు ఉండే ఉంటారు. ట్రెజరీలోనో ఇరిగేషన్‌లోనో చేసి రిటైరై ఉంటారు. ఆఫీసుకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆ ఏసీ గదిలోకి వెళ్ళే అర్హత ఉన్న ఇద్దరు ముగ్గురిలో ఆయనొకరు. ఆ దర్జా ఇప్పటికీ దిగలేదు. కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేరే. అయినా "వాడికి కోడింగ్ వచ్చు గానీ రిపేర్ రాదోయ్" అంటారు.

చేతిలో ఎప్పుడూ బట్టల కొట్టువాళ్ళిచ్చిన జిప్పు సంచీ. అందులో పెన్సిల్ రబ్బరు, పాత టూత్ బ్రష్షు, ఏ యంత్రానివో తెలియని మరలు, చిక్కుపడిన కేబుళ్ళు. సిమ్ ట్రే తీసే సూది మాత్రం ఉండదు. అది ఏ ఇంట్లోనూ ఉండదనుకోండి. అందుకని "అమ్మాయ్, నీ చెవి దుద్దు ఓసారి ఇలా ఇయ్యి" అంటారు. బంగారు దుద్దుతో ట్రే తియ్యడం, ఆ దుద్దు సోఫా కిందికి దొర్లడం, ఇల్లంతా మోకాళ్ళ మీద వెతకడం ఇందులో భాగమే.

ట్రే బయటికి రాగానే "ఫ్యాన్ ఆపండి" అని ఆజ్ఞ. ఆ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం ఒక్క మిల్లీమీటరు. ఎగిరిపోతే చీపురుకి తప్ప దొరకదు, కాబట్టి ఆజ్ఞలో న్యాయం ఉంది. చెమటలు కారుస్తూ అందరం చుట్టూ నిలబడతాం. వెనక వైపు పసిడి రంగులో మెరిసే ఎనిమిది రేకుల్ని ఆయన కళ్ళజోడు పైకెత్తి చూస్తారు, దించి చూస్తారు. తర్వాత రబ్బరుతో రుద్దుతారు. మురికి పట్టిన రేకుల్ని మెల్లగా రుద్దితే ఒక్కోసారి ఫలితం ఉంటుంది, కాదనను. కానీ వెంటనే నోరు దగ్గర పెట్టి "హా" అని ఊదుతారు చూడండి, పొద్దున తాగిన ఫిల్టర్ కాఫీ తేమంతా వెళ్ళి ఇప్పుడే శుభ్రం చేసిన చోట కూర్చుంటుంది.

ఆ తర్వాత కార్డుని అడాప్టర్లో దోపుతారు. దాని పక్కనుండే బుల్లి లాకుని పైకీ కిందికీ ఆడిస్తారు. ఆ లాకు కార్డు మీద కొత్తగా రాయనివ్వదంతే, ఉన్నవి కనిపించకుండా చెయ్యదు. ఈ సంగతి ఆయనకీ తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు. అడాప్టర్ వెళ్ళేది ఆయన సొంత కార్డు రీడర్లోకి. 2 జీబీ దాటిన కార్డులకి వేరే ప్రమాణం వచ్చింది 2006లో. ఆయన రీడర్ వయసు అంతకంటే ఎక్కువ. మన 64 జీబీ కార్డు దానికి అసలు కార్డులాగే అనిపించదు. తప్పు రీడర్‌దని ఆయనతో అనగలవాళ్ళు ఇంకా పుట్టలేదు. "ఫుట్‌పాత్ మీద కొన్నారా? డూప్లికేట్" అని తీర్పు. ఈలోగా తెర మీద నల్ల కిటికీ తెరిచి తెల్లక్షరాలేవో కొడతారు. వాటికీ కార్డుకీ చుట్టరికం లేకపోయినా ఇంట్లోవాళ్ళ మాట మాత్రం తగ్గుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఒక్కచోట ఆయనకి చెయ్యెత్తి దండం పెట్టాలి. కొన్ని కార్డులు కనిపించీ కనిపించగానే "ఫార్మాట్ చేస్తే గానీ వాడలేరు" అని కంప్యూటర్ అడుగుతుంది. మనం అలవాటుగా సరే నొక్కబోతాం. అప్పుడు బాబాయిగారు మన చెయ్యి పట్టుకుని పక్కకి తోసేస్తారు. ఆ విసురులో నటన ఉండదు. వెనకటికి తోడల్లుడి కూతురి పెళ్ళి ఫొటోలున్న కార్డుకి ఆయనే సరే నొక్కారు. అదృష్టం కొద్దీ మామూలు ఫార్మాట్ కార్డులో ఉన్న జాబితానే చెరుపుతుంది, పైన కొత్తవి రాయనంతవరకూ బొమ్మలు చాలావరకు లోపలే ఉంటాయి. కార్డుని ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా కూర్చుని బయటికి లాగారు. ఫొటోలైతే వచ్చాయి గానీ, పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి. ఆ ఆల్బమ్‌లో ఇప్పటికీ భోజనాల తర్వాతే తలంబ్రాలు. తోడల్లుడు మాత్రం ఆయనకి కార్డు చూపించడం మానేశాడు.

ఇంకో రకం కేసులో ఆయన వాదించరు కూడా. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, కొన్ని ఫోన్లు కార్డుని తమ సొంత స్టోరేజీగా మార్చుకుంటాయి. తాళం తమ దగ్గరే పెట్టుకుంటాయి. అలాంటి కార్డుని తీసి కంప్యూటర్లో పెడితే పనికొచ్చేదేమీ కనబడదు. "కన్యాదానం అయిపోయిందమ్మా, ఆ పిల్ల ఇంక ఆ ఫోన్‌దే" అని, కార్డుని మళ్ళీ ఫోన్లో పెట్టేస్తారు.

గంటన్నర గడిచి, పెసరట్టు తిని, రెండో కాఫీ సగంలో ఉండగా ఆయన సంచీలోంచి ఒక కేబుల్ తీస్తారు. మన కేబుల్ పీకి దాన్ని గుచ్చుతారు. ఫోన్ లాక్ తీయమంటారు. పైనుంచి వేలితో నోటిఫికేషన్ దించి, "ఛార్జింగ్" అని ఉన్నచోట నొక్కి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" చేస్తారు. టింగుమంటుంది. కార్డు వచ్చి కూర్చుంటుంది. 64 అని కొంటే 59 చిల్లరే చూపిస్తోందేమని అడిగితే, కంపెనీవాడు వెయ్యి చొప్పునా కంప్యూటర్ 1024 చొప్పునా లెక్కేస్తారని అక్కడే పాఠం.

కేబుల్లో కరెంటుకి రెండు తీగలు, డేటాకి రెండు తీగలు ఉండాలి. చవగ్గా దొరికేవాటిలో కొన్నింటికి ఆ రెండోజత ఉండదు, ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫోన్ మాత్రం కంప్యూటర్‌కి కనబడదు. ఇది ఆయనకి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే తెలుసునని నా గట్టి అనుమానం. తెలిసినా ఏం చేస్తారు? రెండు నిమిషాల్లో కేబుల్ మార్చి వెళ్ళిపోతే మనమూ "ఓస్, ఇంతేనా" అనేవాళ్ళం. పెసరట్టుకి పప్పు నానబెట్టినావిడకి ఏం సమాధానం చెబుతాం?

లేచేటప్పుడు బల్ల మీద ఉన్న తీగలన్నీ చుట్టి సంచీలో వేసుకుంటారు. తనవేవో ఎదుటివాళ్ళవేవో చూసుకునే అలవాటు లేదు. ఛార్జింగ్‌కి తప్ప పనికిరానివి మాత్రం మరిచిపోకుండా వదిలి వెళతారు. మొన్న మూడో అంతస్తులో కార్డు కనబడకపోతే నేనూ మా ఆవిడా చూడ్డానికి వెళ్ళాం. బాబాయిగారు సంచీలోంచి తీసిన కేబుల్ కొసన ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. ఇంట్లో కేబుళ్ళు కలిసిపోకుండా మా ఆవిడ పెట్టుకున్న గుర్తు అది. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా మోచెయ్యి గిల్లి, "వచ్చేవారం ప్రింటర్ చూడాలి, ఊరుకోండి" అంది.