సొంత డబ్బా, పక్కింటి చెయ్యి

సొంత డబ్బా కొట్టుకోవడం పాత విద్యే. దాన్ని పక్కింటివాడు కొడుతున్నట్టు వినిపించడమే ఇప్పటి మార్కెటింగ్. అమెరికాలో హోల్ ఫుడ్స్ కిరాణా దుకాణాల అప్పటి అధిపతి జాన్ మాకీ ఏళ్ల తరబడి యాహూ ఫైనాన్స్ చర్చల్లో ‘రహోదెబ్’ అనే ముసుగులో తిరిగారు. భార్య డెబోరా పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి పెట్టుకున్న పేరది. తమ కంపెనీ భేషన్నారు, పోటీదారు వైల్డ్ ఓట్స్ దండగన్నారు. అక్కడితో ఆగితే వ్యాపారం అనుకునేవాళ్లం. తన క్షవరం కూడా ముద్దొస్తోందని మెచ్చుకున్నారు! ఆ దండగమారి కంపెనీనే 2007లో కొనబోతే ప్రభుత్వం కోర్టుకెక్కింది, ముసుగు ఊడింది.

మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు చూస్తే మాకీగారు మరీ అమాయకులనిపిస్తుంది. పాపం, అన్ని వేషాలూ ఒక్కరే వేసుకున్నారు. ఇక్కడ ‘మంచి ఆవకాయ ఎక్కడ దొరుకుతుందండీ?’ అని అడిగేది మరిది. నిమిషంలో ఫోన్ నంబరుతో సహా జవాబిచ్చేది వదిన. ‘అచ్చం మా అమ్మమ్మ చేతి రుచి’ అని మురిసిపోయేది సొంత మనవరాలే కనుక అందులో అబద్ధమేమీ లేదు. ఉప్పెక్కువైందని రాసినవాణ్ని తక్షణం గ్రూపులోంచి తీసేసిన అడ్మిన్ ఎవరంటారా? ఆ ఇంటి అల్లుడుగారు.